హైదరాబాదులో ఓ చిన్న మంత్రగత్తె శిష్యురాలు: పిల్లల నవల మూడో అధ్యాయం దగ్గర ఎందుకు ఆగిపోతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పదేళ్ల పాప పాతబస్తీలోని ఒక అవ్వ దగ్గర మంత్రవిద్య నేర్చుకుంటుంది. మూడు అధ్యాయాలు రాశాక కథ కదలడం లేదు. మంత్రాలు బోలెడన్ని ఉన్నా, చదివిన పిల్లలు "తర్వాత ఏమైంది?" అని అడగడం లేదు. భాష, పొడవు, అచ్చు గురించి కూడా చెప్పమన్నారు.

పిల్లల రాతప్రతులు చదివి సరిదిద్దే పనిలో నాకు తరచూ ఎదురయ్యే ఇబ్బందే ఇది. మంత్రాలు చాలక కథ ఆగలేదు. పాప చేతికి పని లేక ఆగింది. మొదటి అధ్యాయంలో అవ్వ కనిపిస్తుంది, రెండో అధ్యాయంలో విద్య గొప్పతనం చెబుతుంది, మూడో అధ్యాయంలో పాప మంత్రం చదవగానే పని జరిగిపోతుంది. ఇక నేర్చుకోవడానికి ఏం మిగిలింది? శిష్యురాలి కథలో చదివే పిల్లలకు కావలసింది శిష్యరికమే: ఊడ్చడం, మోయడం, కలపడం, చెడగొట్టడం, తిట్లు తినడం, మళ్లీ చేయడం. పుట్టుమచ్చ ఉందనో, ఎవరో జోస్యం చెప్పారనో పాపకు శక్తి ముందే ఇచ్చేస్తే శిష్యరికం అక్కడితో అయిపోయినట్టే. అలాంటిది మీ రాతలో ఉంటే ముందు దాన్ని తీసేయండి.

తర్వాత చేయాల్సింది, మంత్రవిద్యను నిజంగా ఉన్న ఒక చేతిపనికి కట్టడం. హైదరాబాదులో కథ పెడుతున్నారు కాబట్టి లక్క గాజుల పని చూడండి. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది దీనికి. చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్‌లో ఒక పూట నిలబడితే కంటితో చూడొచ్చు. లక్క అంటే మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద బతికే చిన్న పురుగు విడిచే జిగురు. బొగ్గుల సెగ మీద 70, 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. అందులో రాతిపొడి కలిపి పిసుకుతారు, పైన రంగు లక్క పట్టిస్తారు, కడ్డీలా సాగదీసి కొలతకు కోస్తారు, వంచి రెండు కొసలూ వేడితో అతికిస్తారు. ఒక చివర సన్నగా, ఇంకో చివర లావుగా ఉండే కర్రకు తొడిగి చేతి కొలతకు తెస్తారు. ఇంకా వెచ్చగా ఉండగానే రాళ్లు ఒక్కొక్కటీ అద్దుతారు.

ఈ పనిలో ఏమేం చెడిపోతాయో చూడండి, మీ అధ్యాయాలు అక్కడే దొరుకుతాయి. సెగ ఎక్కువైతే లక్క సాగి ఆకారం పోతుంది. తక్కువైతే వంచేటప్పుడు పగులుతుంది. రెండు కొసలూ సమానంగా వేడెక్కకపోతే అతుకు పైకి బాగానే కనిపిస్తుంది, తొడిగినప్పుడు విరుగుతుంది. రాయి అద్దడం ఆలస్యమైతే ఆ రాయి నాలుగు రోజులకు రాలిపోతుంది. ప్రతి తప్పుకూ ఒక కారణం ఉంది, ప్రతి కారణమూ పదేళ్ల పిల్లకు అర్థమవుతుంది. "మంత్రం తప్పు చదివింది కాబట్టి ఫలించలేదు" అంటే పిల్లలకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. "సెగ చాలలేదు, అందుకే గాజు పగిలింది, అందులో దాచిన చప్పుడు గల్లీలోకి జారిపోయింది" అంటే వెంటనే పేజీ తిప్పుతారు.

చప్పుడు అన్నాను కదా, ఒక పద్ధతి ఉదాహరణకు చెబుతాను. మీ విద్య వేరే అయినా కొలత ఇదే పెట్టుకోండి. అవ్వ చేసే గాజుల్లో చప్పుళ్లు దాగుతాయి అనుకుందాం. దానికి మూడే నియమాలు. ఒకటి, ఏదో ఒక రాయి నిజంగా విన్న చప్పుడే గాజులోకి వస్తుంది, లేని మాటను ఎవరూ పుట్టించలేరు. రెండు, లక్క వెచ్చగా ఉన్నంతసేపే చప్పుడు ఎక్కుతుంది. మూడు, గాజులోని చప్పుడు ఎంతసేపు వింటే, విన్నాక అంతసేపు ఆ మనిషికి గొంతు పెగలదు. మూడో నియమం అన్నిటికంటే ముఖ్యం. ఎందుకంటే పాప నిజం వింటుంది, కానీ వెంటనే అరిచి చెప్పలేదు. చేతులతో, పరుగుతో, బొమ్మ గీసి చూపించి నెగ్గుకురావాలి. మూల్యం అదే పేజీలో చెల్లించాలి. "ఎప్పుడో ఒకనాడు దీనికి ఫలితం అనుభవిస్తావు" అనే బెదిరింపు పిల్లల్ని కదిలించదు.

నియమాలు మూడు దాటితే పిల్లలు గుర్తుపెట్టుకోరు, మీరూ మరిచిపోతారు. నాలుగో శక్తి అవసరమైందంటే మీ కథలో ఎక్కడో ముడి తప్పు పడిందని అర్థం. కొత్త శక్తి జోలికి పోకుండా ఆ ముడి విప్పండి.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని పాప చేయాల్సిన పనులు పద్నాలుగు రాయండి, అధ్యాయానికి ఒకటి. బొగ్గులు ఏరడం, బూడిద ఎత్తడం, లక్కలో పుల్లలు ఏరేయడం, సెగ చూడటం, రాతిపొడి జల్లెడ పట్టడం, కడ్డీ సాగదీయడం, అతుకు వేయడం... ఇలా. ప్రతి పని పక్కన రెండు గడులు గీయండి: ఇందులో పాప ఏం చెడగొడుతుంది, ఇందులో నేర్చుకున్నది మళ్లీ ఎక్కడ అక్కరకొస్తుంది. రెండో గడి ఖాళీగా ఉన్న అధ్యాయాన్ని తీసేయొచ్చు. నేర్చుకున్నదానికీ దాన్ని వాడినదానికీ మధ్య కనీసం మూడు అధ్యాయాలు ఉండాలి. పక్క అధ్యాయంలోనే వాడేస్తే అది వాడకం కోసమే నేర్పించినట్టు తెలిసిపోతుంది. అవ్వ ఉపన్యాసాలు కూడా దీనితోనే తగ్గుతాయి. ఆమె నోటి వెంట ఒకేసారి మూడు వాక్యాలు మించి వస్తే, ఆ విషయాన్ని పాప చేతికి పనిగా ఇవ్వగలరేమో చూడండి.

ఇక నాకు చాలా గట్టి పట్టింపు ఉన్న విషయం. మన దగ్గర మంత్రగత్తె కథ అనగానే ఒక నిజమైన ప్రమాదం వెంట వస్తుంది. బాణామతి, చేతబడి చేస్తున్నారని అనుమానించి ఒంటరి ఆడవాళ్లను, ముసలివాళ్లను కొట్టడం, పళ్లు ఊడగొట్టడం, చంపడం తెలంగాణ పల్లెల్లో జరిగాయి. ఆ వార్తలు పేపర్లలో వస్తూనే ఉన్నాయి. మీ పుస్తకం చదివే పిల్లల్లో కొందరి ఊళ్లలో ఆ మాటతో బతకలేక ఇల్లు వదిలిన అవ్వ ఉండొచ్చు. అందుకే కొన్ని హద్దులు పెట్టుకోవాలి. మంత్రంతో మనిషికి కీడు చేయడం మీ కథాలోకంలో అసలు సాధ్యమే కాకూడదు. "మంచి మంత్రగత్తె చేయదు, చెడ్డది చేస్తుంది" అనే పంపకం కూడా వద్దు, ఆ రెండో సగం చాలు ఒకరిని వేలెత్తి చూపడానికి. నిమ్మకాయలు, ముగ్గు మధ్య బొమ్మలు, వెంట్రుకలు, గోళ్లు, స్మశానం, ఇవేవీ పెట్టకండి. జబ్బు మంత్రంతో రాకూడదు, మంత్రంతో తగ్గకూడదు. జ్వరం వస్తే దవాఖానకే పోవాలి, అవ్వే వెంటబెట్టుకుని తీసుకుపోతే ఇంకా మంచిది.

ఆ అనుమానాన్నే కథలో ఎదురుశక్తిగా నిలబెడితే నవలకు బలం వస్తుంది. దుష్ట మాంత్రికుడు అక్కర్లేదు. గల్లీలో నలుగురైదుగురు పిల్లలకు వాంతులు, విరేచనాలు. ఎవరో అవ్వ పేరెత్తుతారు. అక్కడ మీ పాప నేర్చుకున్న పని అక్కరకు రావాలి. వానలు మొదలైనప్పుడు పాత నల్లా పైపు పగుళ్లలోకి మోరీ నీళ్లు చేరడం నగరాల్లో జరిగేదే. పాప ఇంటింటికీ తిరిగి ఎవరు ఏ నీళ్లు తాగారో రాసుకుంటుంది. ఒకే పైపు మీదున్న ఇళ్లవాళ్లకే జబ్బు, బోరు నీళ్లు తాగిన ఇంట్లో అందరూ బాగున్నారు. ఇంకో అందమైన విషయం నిజంలోనే ఉంది. నల్లా నీళ్లలో క్రిములను చంపే క్లోరిన్ మిగిలి ఉందో లేదో చూడటానికి, నగరానికి నీళ్లిచ్చే జలమండలి సిబ్బంది క్లోరోస్కోప్ వాడతారు. గాజు గొట్టంలో నీళ్లు పట్టి కొన్ని చుక్కల మందు వేస్తే పసుపురంగు తేలాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. రంగు రాలేదంటే దాన్ని ఏదో మురికి తినేసిందని అనుమానించాలి. పాప కళ్ల ముందు ఆ చుక్కలు పడి రంగు రాకపోవడం, మీరు కల్పించే ఏ మంత్రం కంటే ఎక్కువ ఉత్కంఠ ఇస్తుంది. జలమండలి ఫోన్ నంబరు 155313ని కథలోనే వాడండి. మంత్రం నేర్చిన పాప ఫిర్యాదు నంబరుకు ఫోన్ చేయడంలో చిన్నతనమేమీ లేదు.

కాలం లెక్క ముందే వేసుకోండి. తెలంగాణలో బడి సెలవులు ఏప్రిల్ చివరి వారంలో మొదలై జూన్ 11తో ముగుస్తాయి, 12న బడులు తెరుస్తారు. అంటే ఏడు వారాల శిష్యరికం, అధ్యాయానికి మూడు నాలుగు రోజులు. మే ఎండలో కొలిమి పక్కన కూర్చోవడం, జూన్‌లో తొలివాన, ఆ వానతోనే నీళ్ల చిక్కు. ఈ వరుస దానంతటదే కుదురుతుంది. వేసవి సెలవుల్లో బోనాలు పెట్టిన రాతప్రతులు చాలా చూశాను. బోనాలు ఆషాఢంలో, గోల్కొండలో మొదలవుతాయి, అప్పటికి పిల్లలు బడికి పోతుంటారు. బోనాల రంగంలో పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే ఘట్టాన్ని మంత్రవిద్యగా వాడొద్దని నా మాట. అది కొన్ని కుటుంబాలు తరతరాలుగా మోస్తున్న నమ్మకం, కథకు వస్తువు చేస్తే వాళ్లు నొచ్చుకుంటారు.

చోటు విషయంలో చార్మినార్‌ను పేజీ పేజీకీ చూపించాల్సిన పనిలేదు. చప్పుళ్ల కథకు నగరమే రెండు మూడు చోట్లు ఇస్తుంది. గోల్కొండ ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్ దాకా, దాదాపు కిలోమీటరు దూరం వినిపిస్తుంది. పాప మొదటి పాఠం అక్కడ పెట్టొచ్చు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఆ చెట్టు కింది రాయి ఏం విని ఉంటుంది? ఈ ఒక్క ప్రశ్నతో ఒక అధ్యాయం మొత్తం నడుస్తుంది. ఆ వరద తర్వాతే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారని పిల్లలకు పక్కదారిలో తెలుస్తుంది. నగరం నిండా ఉన్న గ్రానైటు గుండ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. అవ్వ వాటిని "పెద్దలు" అని పిలిస్తే చాలు, ఇంకే వర్ణనా వద్దు. మూడు చోట్లకు మించకండి. నాలుగో చోటు వచ్చేసరికి నవల పర్యాటక శాఖ కరపత్రం అయిపోతుంది.

భాషకు వద్దాం. కథనం మామూలు వ్యావహారికంలో, మాటలు మాత్రం మనుషుల నోటి యాసలో ఉంచండి. పాప "అవ్వా, గిట్ల పట్టుకోవాల్నా?" అంటుంది, అవ్వ "మెల్లగ తిప్పు బిడ్డా, ఉరుకుడు దేనికి" అంటుంది. పక్కింటి దోస్తు దక్కనీలో వద్దనడానికి "నక్కో" అంటాడు, అవుననడానికి "హౌ" అంటాడు. ఆ మాటలకు పక్కన అర్థం రాయకండి, సందర్భంలో తెలిసేలా వాక్యం కట్టండి. ఇబ్బంది యాసలో లేదు, దాని రాతలో ఉంది. ఒక పేజీలో "చేస్తున్న", ఇంకో పేజీలో "జేస్తున్న", మరోచోట "చేస్తున్నా" వస్తే నెమ్మదిగా చదివే పిల్లలు తడబడతారు. మొదటి రోజే ఓ నలభై మాటల పట్టిక రాసుకుని, ఎవరి నోట ఏ రూపమో తేల్చి, చివరిదాకా దాన్నే పాటించండి.

నెమ్మదిగా చదివే పిల్లల గురించి ఇంకొంచెం. తెలుగు బోధన తప్పనిసరి చేస్తూ 2018లో తెలంగాణ చట్టం తెచ్చాక తెలుగు అక్షరాలు వచ్చిన పిల్లలు ఇంగ్లీషు మీడియంలోనూ పెరిగారు, కానీ చాలామంది అక్షరాలు కూడబలుక్కుని చదువుతారు. వాక్యం ఎనిమిది, పది మాటల్లో ముగియాలి. ఒకే వాక్యంలో మూడు బరువైన సంయుక్తాక్షరాలు వస్తే ఒకటి మార్చండి. "నిశ్శబ్దంగా నిష్క్రమించింది" బదులు "చప్పుడు కాకుండా వెళ్లిపోయింది" అనండి. పేరాలు నాలుగైదు వాక్యాలు దాటనివ్వకండి.

మంత్రాలను సంస్కృతంలో రాయకండి, నిజమైన బీజాక్షరాల జోలికి అసలే పోవద్దు. పిల్లలు ఆడుకుంటూ పాడే పాటల నడకలో, అంత్యప్రాసతో, నాలుగు పాదాలకు మించకుండా కట్టండి. మచ్చుకు ఇప్పుడే కట్టింది ఒకటి:

చప్పుడు చప్పుడు యాడున్నవ్?
రాతి కడుపుల దాగున్నవ్!
అవ్వ పిలిస్తే అలిగితివే,
పాప పిలిస్తే పలికితివే!

బయటికి పాడి చూడండి. నాలిక ఎక్కడ తట్టుకుంటే అక్కడ మాట మార్చాలి. నవల మొత్తానికి ఇలాంటివి మూడో నాలుగో చాలు. ఒకే మంత్రం మళ్లీ మళ్లీ వస్తేనే పిల్లలకు నోటికొస్తుంది, అప్పుడు చివర్లో ఒక్క మాట మారితే వాళ్లే పట్టుకుంటారు.

పొడవు: తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు 17,000 నుంచి 18,000 మాటలు సరిపోతాయి. ఇంగ్లీషు పిల్లల నవలల లెక్క చూసి 40,000 పెట్టుకోకండి, తెలుగులో ఒక మాటలో ఇమిడేది అక్కడ మూడు మాటలవుతుంది. పద్నాలుగు అధ్యాయాలు, ఒక్కోటి 1,250 మాటలు. పైకి చదివితే పన్నెండు, పదమూడు నిమిషాలు పడుతుంది, రాత్రి పడుకునే ముందు ఒకటి అయిపోతుంది. డెమ్మీ సైజులో (మామూలు నవల సైజు) 14 పాయింట్ల అక్షరంతో పేజీకి 190 మాటలు పడతాయని లెక్కేస్తే 95 పేజీల దాకా వస్తుంది. అధ్యాయానికి ఒక బొమ్మ, ముందుపేజీలు కలిపి 112 పేజీలు, అంటే పదహారు పేజీల ఫారాలు సరిగ్గా ఏడు. 115 వచ్చిందంటే ఇంకో ఫారం ఖర్చు పడుతుంది, అప్పుడు మూడు పేజీలు తగ్గించడమే తెలివైన పని.

బొమ్మలు వేసేవారికి కథ మొత్తం పంపి "మీ ఇష్టం" అనకండి. ప్రతి బొమ్మకూ ఎవరు, ఏం చేస్తున్నారు, చేతిలో ఏముంది, ఏ పూట అనేది రెండు వరుసల్లో రాసివ్వండి. కొలిమి, కర్ర, చిమటా (పట్టకారు) ఫొటోలు జతచేయండి. లేకపోతే అవ్వకు కొనదేలిన టోపీ, చీపురు వచ్చేస్తాయి. ముడతలు, వంకర ముక్కు, ఎర్రకళ్లు వద్దని ముందే చెప్పండి, కారణం పైన చెప్పిందే. నలుపు తెలుపు గీతల బొమ్మలు అచ్చయ్యే సైజులో 600 డీపీఐ (అంగుళానికి చుక్కలు) ఉండాలి, రంగుల అట్టకు 300 చాలు.

డీటీపీలో, అంటే కంప్యూటర్‌లో పేజీలు పెట్టేటప్పుడు, తెలుగుకు ప్రత్యేకంగా వచ్చే తంటాలు రెండు. చాలాచోట్ల ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలోనే పేజీలు పెడతారు. యూనికోడ్‌లో ఉన్న మీ రాతను దానిలోకి మార్చినప్పుడు, మాట మధ్యలో పొల్లును విడిగా నిలిపే కనిపించని గుర్తు పోయి, "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో కింద వత్తులు గుదిగుచ్చుకుంటాయి. లాడ్ బజార్‌లో అన్నా, ఉస్మాన్ సాగర్‌లో అన్నా అదే జరుగుతుంది. అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు కూడా పిచ్చిగుర్తులు కావచ్చు. పేజీలు పెట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే అమరిక పెట్టి యూనికోడ్‌లోనే పేజీలు చేయించగలిగితే ఈ బాధ ఉండదు. రెండోది వరుసల మధ్య జాగా. 14 పాయింట్లకు 20, 21 పాయింట్ల జాగా లేకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది. వత్తు ఏ అక్షరానిదో తెలియక పిల్లలు అక్కడే ఆగిపోతారు. పేజీలు పెట్టాక "స్త్రీ", "రాష్ట్రం", "క్లోరోస్కోప్" ఉన్న వరుసలు వెతికి చూడండి, తేడా ఉంటే అక్కడే బయటపడుతుంది.

పేజీలు పెట్టించే ముందు రాతప్రతిని ఐదారుగురు పిల్లలకు ఇవ్వండి, మీ బంధువుల పిల్లలకు మాత్రం కాదు. "బాగుందా?" అని అడగొద్దు, బాగుందనే అంటారు. ఆరో అధ్యాయం దగ్గర ఆపించి, "గాజుకు ఏమేం చేతకాదు?" అని అడగండి. మూడు నియమాల్లో రెండైనా చెప్పలేకపోతే మీరు వాటిని మాటల్లో చెప్పారు, పనిలో చూపించలేదు. పైకి చదివించి, ఎక్కడ తడబడ్డారో పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. ముగ్గురు ఒకేచోట తడబడితే వాక్యం మార్చాలి.

పుస్తకానికి గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్‌ను ఢిల్లీలోని రాజా రామమోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితంగా ఇస్తుంది, ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టాలి. డబ్బులడిగే మధ్యవర్తులతో పనిలేదు. అచ్చయ్యాక 1954 నాటి చట్టం ప్రకారం నెలలోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబై, ఢిల్లీలలోని మరో మూడు గ్రంథాలయాలకు తలా ఒక ప్రతి పంపాలి. హైదరాబాదు పుస్తకాల పండుగ సాధారణంగా డిసెంబరులో జరుగుతుంది కాబట్టి దానికి అందాలంటే నవంబరు మొదటి వారానికి ప్రెస్సులో ఫైలు ఉండాలి, బొమ్మలు దసరా లోపే చేతికి రావాలి. మీ మూడు అధ్యాయాలు మాత్రం ఇప్పుడే పక్కన పెట్టి, ముందు ఆ పద్నాలుగు పనుల కాగితం రాయండి. అది పూర్తయ్యాక ఇక్కడే పెడితే, ఏ గడి ఖాళీగా ఉందో చూసి చెబుతాను.